వేల ఫోటోల్లో ఒరిజినల్ ఎక్కడుంది?

మా పెదనాన్న పోయిన మూడో రోజున, పెద్దకర్మ కార్డు మీద వేయించడానికి ఆయన ఫోటో ఒకటి కావలసి వచ్చింది. ఇంట్లో ఎనిమిది ఫోన్లున్నాయి, ప్రతి ఫోన్లోనూ వేలకు వేలు ఫోటోలున్నాయి. అందరం వరండాలో కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. కొన్నింటిలో ఆయన పక్కకి తిరిగి ఉన్నారు, కొన్నింటిలో ఎవరి వెనకో సగం కనబడుతున్నారు. చివరికి అందరికీ నచ్చినది ఒకటి దొరికింది. తెల్ల చొక్కా, భుజం మీద కండువా, ఇంకో క్షణంలో నవ్వబోతున్నట్టున్న ముఖం. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఎప్పుడో పెట్టిన ఫోటో అది. దాన్ని తీసుకుని ఫ్లెక్సీ షాపుకి వెళ్తే అక్కడి అబ్బాయి కంప్యూటర్లో పెద్దది చేసి చూసి, "ఇది ఫార్వర్డ్ అయిన ఫోటో అండీ. కార్డుకైతే సరిపోద్ది. ఫ్రేముకి పెద్దది చేస్తే పగిలిపోద్ది. ఒరిజినల్ ఉందేమో చూడండి" అన్నాడు.

ఒరిజినల్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. ఎవరు తీశారో, ఏ ఏడు తీశారో, ఎవరింట్లో శుభకార్యమో కూడా తెలియలేదు. చివరికి ఆ పగిలిన ఫోటోకే దండ వేశాం.

ఆ తర్వాత మా కుటుంబం ఫోటోలన్నీ ఒక దారికి తెచ్చే పని నేను తీసుకున్నాను. పాత కెమెరా కార్డులు, స్టూడియో వాళ్ళు ఇచ్చిన పెన్ డ్రైవ్‌లు, పనిచేయని లాప్‌టాప్‌లో నుంచి తీయించిన హార్డ్ డిస్క్, అందరి ఫోన్లు కలిపితే దాదాపు 40,000 ఫోటోలు తేలాయి. ఆ పని చేస్తుండగా నాకు స్పష్టంగా అర్థమైన సంగతి ఒకటుంది. మనం ఫోటోలు పోతాయని భయపడతాం. కానీ ఫోటో కంటే ముందే పోయేది, ఆ ఫోటో గురించి మనకు తెలిసిన సమాచారం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు, ఎవరు తీశారు అన్నవి ఫోటో కంటే చాలా తేలిగ్గా ఊడిపోతాయి. అవి ఊడిపోయాక ఫైలు భద్రంగానే ఉంటుంది, మనకు మాత్రం దొరకదు.

అందుకే ముందు ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలి, ఏ యాప్ వాడాలి అని మొదలుపెట్టడం వల్ల పెద్దగా లాభం లేదు. తేదీ దగ్గర మొదలుపెట్టాలి.

ఒక ఫోటో ఫైలుకి కనీసం మూడు తేదీలుంటాయి. మొదటిది, కెమెరా నొక్కిన క్షణం. ఇది ఫోటో లోపలే రాసి ఉంటుంది. ఇలా లోపల రాసే పద్ధతి పేరు ఎగ్జిఫ్. 1995లో జపాన్‌లో పుట్టింది. ఏ కెమెరాతో తీశారు, ఎన్ని గంటలకు తీశారు, ఫోన్ అయితే, లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఏ చోట తీశారు అన్నవన్నీ ఇందులో ఉంటాయి. రెండోది, ఆ ఫైలు మన కంప్యూటర్లోకి వచ్చిన తేదీ. మూడోది, ఆ ఫైలుని చివరిసారి మార్చిన తేదీ. ఫోల్డర్ తెరిచి "డేట్" మీద నొక్కి వరసలో పెట్టినప్పుడు చాలాసార్లు మనకు కనిపించేది రెండోదో మూడోదో. అందుకే పాత హార్డ్ డిస్క్ నుంచి కొత్తదానికి కాపీ చేసిన రోజున, పదేళ్ళ ఫోటోలన్నీ అదే రోజు పుట్టినట్టు కనబడతాయి. కంగారు పడక్కర్లేదు. లోపల రాసినది చెక్కుచెదరకుండా ఉంటుంది. కంప్యూటర్లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే "డేట్ టేకెన్" అని కనబడేది అదే.

అయితే కొన్ని చోట్ల లోపల రాసినది కూడా చెరిగిపోతుంది. వాట్సాప్‌లో ఫోటోని మామూలుగా పంపితే రెండు పనులు జరుగుతాయి. పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్‌లకు, అంటే ఫోటోలోని చుక్కలకు, తగ్గిపోతుంది, లోపలున్న తేదీ, చోటు వివరాలు పోతాయి. పిక్సెల్‌ల లెక్క ఇలా చూడండి. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్‌లు కావాలంటారు. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫోటో పొడవు 4000 పిక్సెల్‌లు, అంటే 13 అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. 1600 అంటే ఐదు అంగుళాల చిల్లర. గోడకి తగిలించే 18 అంగుళాల ఫ్రేముకి దాన్ని సాగదీస్తే అంగుళానికి 90 పిక్సెల్‌లు కూడా మిగలవు. షాపు అబ్బాయి "పగిలిపోద్ది" అన్నది ఇదే. 2023 నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీగా పంపే వీలుంది. దానితో పిక్సెల్‌లు కొంత నయం. ఫోటో ఉన్నది ఉన్నట్టు, తేదీతో సహా వెళ్ళాలంటే మాత్రం క్లిప్ గుర్తు నొక్కి "డాక్యుమెంట్"గా పంపాలి. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఫోటోలు పంచుకునేటప్పుడు ఈ ఒక్క అలవాటు ఉంటే చాలు, సగం బాధ తప్పుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో అలా వచ్చిన ఫోటోల ఫైలు పేరు చూశారా? ఐఎంజీ అని మొదలై, మధ్యలో ఎనిమిది అంకెల తేదీ, చివర డబ్ల్యూఏ, ఒక నంబరు. చాలామంది ఆ ఎనిమిది అంకెల్ని ఫోటో తీసిన తేదీ అనుకుంటారు. అది ఆ ఫోటో మీ ఫోన్లోకి వచ్చిన తేదీ. మా పెదనాన్న ఫోటో పేరులో ఉన్నది 2019. నిజంగా తీసింది ఎప్పుడో తర్వాత తేలింది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇంకో చిక్కు కెమెరా గడియారంతో వస్తుంది. మన ఇళ్ళలో ఎక్కువ ఫోటోలు ఒకే రోజున పోగుపడేది పెళ్ళిలో కాబట్టి అక్కడే చూద్దాం. మా చెల్లి పెళ్ళికి స్టూడియో నుంచి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వచ్చారు. ఆల్బమ్‌కి సెలెక్ట్ చేసి ఇవ్వమని 3,000 పైచిలుకు ఫోటోలు పెన్ డ్రైవ్‌లో ఇచ్చారు. టైమ్ ప్రకారం వరసలో పెడితే అంతా కలగాపులగం. తలంబ్రాలు పోసుకున్నాక మళ్ళీ జీలకర్ర బెల్లం పెడుతున్నారు, మంగళసూత్రం కట్టాక మధ్యలో తెర కనబడుతోంది. ఒక కెమెరా గడియారం ముందుకు ఉంది, అంతే. ఎంత ముందుకు ఉందో కనుక్కోవడానికి ఇద్దరూ ఒకే క్షణంలో తీసిన ఫోటో ఒకటి కావాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని ఏ ఫోటోగ్రాఫరూ వదలడు కదా. మొదటి కెమెరాలో ఆ క్షణం రాత్రి 1:12కి ఉంది, రెండోదానిలో 1:49కి. తేడా 37 నిమిషాలు. రెండో కెమెరా ఫోటోలన్నీ ఎంచుకుని ఒకేసారి 37 నిమిషాలు వెనక్కి జరిపితే పెళ్ళి మొత్తం వరసలోకి వచ్చింది. ఈ పని చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. డిజీకామ్‌లో మౌస్‌తోనే చేయొచ్చు. కమాండ్లు టైప్ చేయడం అలవాటున్నవాళ్ళకి ఎగ్జిఫ్‌టూల్ ఉంది. ఫిల్ హార్వే అనే ఆయన 2003 నుంచి దాన్ని ఉచితంగా అందిస్తున్నారు. ఫోటోల్లో రాసి ఉన్న వివరాలు చదవడానికి, సరిచేయడానికి దాన్ని మించినది నేను చూడలేదు.

అర్ధరాత్రి ముహూర్తాల వల్ల మనకు మాత్రమే వచ్చే సమస్య ఒకటుంది. శుభలేఖలో "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని వేస్తాం. రోజులవారీగా ఫోల్డర్లు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఆ మాట తెలియదు. రాత్రి పన్నెండు కొట్టగానే పెళ్ళిని రెండు ముక్కలు చేస్తుంది. ఎదురుకోలు ఒక ఫోల్డర్లో, జీలకర్ర బెల్లం ఇంకో ఫోల్డర్లో. అందుకని వేడుకల ఫోటోలు మాత్రం చేత్తోనే ఒక చోటికి చేర్చి, మొదలైన రోజు తేదీనే ఫోల్డర్‌కి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇక్కడి కెమెరా పట్టుకెళ్తే ఇదే కథ ఇంకో రకంగా జరుగుతుంది. ఫోన్ అయితే అక్కడి టైమ్‌కి దానంతట అదే మారుతుంది. కెమెరా చాలావరకు మారదు. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఆరింటికి మనవరాలు కేకు కోస్తే, మన కెమెరాలో అది మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర. పుట్టినరోజు తేదీయే మారిపోతుంది. ఏ దేశపు టైమో కూడా ఫోటోలో రాసే వీలు ఎగ్జిఫ్‌లో 2016లో గానీ రాలేదు. అంతకు ముందు ఫోటోలకి మన జ్ఞాపకమే ఆధారం.

స్కాన్ చేసిన పాత ఫోటోల సంగతి వేరు. వాటి లోపల స్కాన్ చేసిన తేదీ ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. తాతగారి పెళ్ళి ఫోటో పోయిన దసరాకి తీసినట్టు పైకి వచ్చి కూర్చుంటుంది. ఫోటో వెనక ఏమైనా రాసుందేమో తప్పకుండా చూడండి, వెనక వైపు కూడా స్కాన్ చేయండి. మా ఇంట్లో ఒక ఫోటో వెనక పెన్సిల్‌తో "వికారి, మాఘం" అని ఉంది. వికారి నామ సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది. మొన్న వచ్చింది 2019 ఉగాదికి, అంతకు ముందుది 1959 ఉగాదికి. ఫోటో నలుపు తెలుపుది, అందులో ఉన్నది యువకుడిగా మా తాతయ్య, కాబట్టి పాతదే. అయితే దాన్ని 1959 అని రాసేస్తే తప్పు. ఉగాదితో మొదలైన ఏడాదిలో మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. అది 1960 జనవరి చివరో, ఫిబ్రవరో. రోజు తెలియనప్పుడు నేను ఆ నెల మొదటి తేదీ వేసి, కింద వివరణలో "తేదీ సుమారుగా" అని రాస్తాను. ఆ మాట రాయకపోతే, తర్వాత చూసేవాళ్ళు మన అంచనానే నిజమనుకుంటారు.

ఇక ఫైలు పేర్లు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఫోటోలు శాశ్వతంగా పోయేది ఇక్కడే. కెమెరాలు ఫోటోలకి నాలుగంకెల నంబర్లిస్తాయి. 0001 నుంచి 9999 దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తాయి. రెండు కెమెరాలుంటే చెప్పనే అక్కర్లేదు. అంటే ఒకే పేరుతో పూర్తిగా వేరే ఫోటోలు రెండు మూడు ఉండటం మామూలే. వాటిని ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంటే కంప్యూటర్ "అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, రీప్లేస్ చేయాలా?" అని అడుగుతుంది. విసుగులో ఎస్ నొక్కితే పాత ఫోటో పోయినట్టే. మా తమ్ముడి కొడుకు అన్నప్రాసన ఫోటోలు 60 దాకా అలాగే పోయాయి. ఎక్కడి నుంచి వచ్చినవి అక్కడివిగా, వేర్వేరు ఫోల్డర్లలో ముందు కాపీ చేసుకోవాలి. "అక్క ఫోన్ 2021", "పాత కెమెరా కార్డ్ 1", "స్టూడియో పెన్ డ్రైవ్" ఇలా. తర్వాత ఫైలు పేర్లనే తీసిన తేదీ, గంట, నిమిషం, సెకనుగా మార్చేస్తే ఈ బెడద దాదాపు ఉండదు. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాయాలి. మనం మామూలుగా రాసే రోజు-నెల-సంవత్సరం పద్ధతిలో పేర్లు పెడితే, అన్ని నెలల ఒకటో తారీకులూ ఒక చోట పోగవుతాయి.

ఈ పోగుచేసే దశలో ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దని నా గట్టి మాట. "స్టోరేజ్ ఫుల్" అని ఫోన్ అరుస్తున్నప్పుడు టెన్షన్‌లో చేసే డిలీట్లే ఎక్కువ నష్టం చేస్తాయి. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లని వాట్సాప్ ఫోల్డర్ మొత్తం తుడిచేస్తాం. మా పెదనాన్న నవ్వబోతున్న ఫోటో ఉన్నదీ ఆ ఫోల్డర్‌లోనే. ముందు అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి రావాలి, దానికి ఇంకో కాపీ ఉండాలి, ఆ తర్వాతే ఏరడం. చోటు గురించి అంత దిగులు అవసరం లేదు. ఒక్కో ఫోటో సగటున 4 ఎంబీ అనుకున్నా 40,000 ఫోటోలు 160 జీబీ. ఇప్పుడు దొరికే చిన్న హార్డ్ డిస్క్‌లో కూడా ఇంకా బోలెడు ఖాళీ ఉంటుంది. చోటు పట్టేవి వీడియోలు, వాటిని విడిగా పెట్టుకోండి. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, మందుల చీటీలు ఫోటో తీసినవి కూడా అప్పుడే పక్కకి తీసేయండి. కుటుంబమంతా చూసే హార్డ్ డిస్క్‌లో అవి ఉండకూడదు.

ఏరేటప్పుడు డూప్లికేట్లు రెండు రకాలని గుర్తుంచుకోవాలి. అచ్చం ఒకటే అయిన ఫైళ్ళని కంప్యూటర్ సులువుగా పడుతుంది. ప్రతి ఫైలు నుంచి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తీసి పోల్చి చూస్తుంది. వేలిముద్ర ఒకటే అయితే రెండోదాన్ని నిశ్చింతగా తీసేయొచ్చు. కానీ ఫార్వర్డ్ అయిన ఫోటో మన కంటికి అదే ఫోటో, కంప్యూటర్‌కి వేరే ఫైలు. ఇలాంటివాటికి చూపులో పోలికని లెక్కగట్టే పద్ధతి వేరే ఉంది. డిజీకామ్‌లో అదీ ఉంది. అది "ఈ రెండూ ఒకేలా ఉన్నాయి" అని చూపిస్తుంది, ఏది ఉంచాలో మనమే చెప్పాలి. ఎక్కువ పిక్సెల్‌లు, లోపల తేదీ ఉన్నది ఒరిజినల్. అదే ఉంచండి. తీసేయాలనుకున్నవి వెంటనే తుడిచేయకుండా "తీసేద్దాం" అని ఒక ఫోల్డర్ పెట్టి ఆరు నెలలు ఆగండి. నేను దాంట్లో నుంచి వెనక్కి తెచ్చుకున్న ఫోటోలున్నాయి.

ఒకే దృశ్యాన్ని వరసగా పది సార్లు తీసినవి ఏరడానికి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌నీ నమ్మొద్దు. అది స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుతుంది. అమ్మ నిజంగా నవ్వినది కొంచెం కదిలిన ఫోటో కావచ్చు.

ఫోల్డర్లు ఎలా పెట్టాలనేది నిజానికి తొందరగా తేలిపోయే విషయం. సంవత్సరానికి ఒక ఫోల్డర్, అందులో వేడుకకో ప్రయాణానికో ఒకటి, మిగతావి నెలలవారీగా. ఒక ఫోటో ఒక ఫోల్డర్‌లోనే ఉండగలదు కాబట్టి "అమ్మ ఫోటోలు", "తిరుపతి ఫోటోలు" అని ఫోల్డర్లు పెడితే తిరుపతిలో అమ్మ ఫోటో ఎక్కడ పెట్టాలో తెలియక కాపీలు పుడతాయి. మనుషుల పేర్లు, ఊళ్ళు ట్యాగులుగా, అంటే ఫోటోకి తగిలించే చిన్న చీటీల్లా ఉండాలి. ఒకే ఫోటోకి ఎన్ని ట్యాగులైనా పెట్టుకోవచ్చు.

ఆ ట్యాగులు ఎక్కడ రాసి ఉంటున్నాయన్నదే అసలు ప్రశ్న. ఫోటో లోపలా, లేక ఆ యాప్ తన దగ్గర పెట్టుకున్న లెక్కల పుస్తకంలోనా? ఒకప్పుడు మన ఇళ్ళలో చాలామంది ఫోటోలు సర్దుకోవడానికి పికాసా అనే సాఫ్ట్‌వేర్ వాడారు. గూగుల్ దాన్ని 2004లో కొనుక్కుని, 2016లో ఆపేసింది. ముఖాలకు పెట్టిన పేర్లు, చేసుకున్న ఆల్బమ్‌లు చాలావరకు ఫోటోల్లో కాకుండా పికాసా సొంత ఫైళ్ళలో ఉండేవి. కంప్యూటర్ మారాక ఫోటోలన్నీ వచ్చాయి, పేర్లు రాలేదు. ఇప్పటి గూగుల్ ఫోటోస్‌లో కూడా మనం తెలుగులో రాసుకున్న వివరణ, సరిచేసుకున్న తేదీ ఫోటో ఫైలులోకి వెళ్ళవు. గూగుల్ టేకౌట్ ద్వారా అన్నీ వెనక్కి తెచ్చుకుంటే, ప్రతి ఫోటో పక్కన జేసన్ అనే చిన్న ఫైలులో అవి విడిగా వస్తాయి. ఆ చిన్న ఫైళ్ళేమిటో తెలియక తుడిచేసేవాళ్ళు చాలామంది. తుడవకండి, మీ రాతంతా అందులోనే ఉంది.

అందుకని పేర్లు, వివరాలు ఫోటో లోపలే రాసే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. తెలుగులో రాసేవాళ్ళు ఇంకో మాట గమనించాలి. ఎగ్జిఫ్‌లోని వివరణ గడి ఇంగ్లీషు అక్షరాల కోసమే చేసినది. 2023లో వచ్చిన మూడో వెర్షన్‌లో గానీ మన లిపికి అధికారికంగా చోటు రాలేదు. పాత సాఫ్ట్‌వేర్‌తో అందులో తెలుగు రాస్తే ప్రశ్న గుర్తులు మిగలొచ్చు. అడోబీ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతిలో మొదటి నుంచీ ఆ ఇబ్బంది లేదు. డిజీకామ్ సెట్టింగుల్లో ఆ పద్ధతిలో ఫోటోలోనే రాయమని ఒకసారి చెప్పి, ఒక ఫోటోకి రాసి, దాన్ని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసుకోండి. అక్కడా తెలుగు కనబడితే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు.

రాసేటప్పుడు స్పెల్లింగ్ ఒకటే పెట్టుకోండి. "పెళ్లి" అని ఒకచోట, "పెళ్ళి" అని ఇంకోచోట రాస్తే, ఒకటి వెతికితే రెండోది దొరకదు. చదివే మనకి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి కాదు. అంతకంటే ముఖ్యం, మనుషులకి వరసలతో ట్యాగులు పెట్టకండి. నేను "అత్తయ్య" అని రాస్తే నాకు తెలుసు. నా కూతురికి ఆవిడ ఏమవుతుందో వెంటనే తట్టదు, ముప్ఫై ఏళ్ళ తర్వాత చూసే పిల్లలకి ఎవరి అత్తయ్యో కూడా తెలియదు. పూర్తి పేరు, ఇంటిపేరు రాసి, ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు కూడా రాయండి. మనవడికి తాతగారి పేరు పెట్టే అలవాటు మనకుంది కాబట్టి, పేరు పక్కన పుట్టిన సంవత్సరం కూడా వేయండి. లేకపోతే రెండు తరాల తర్వాత తాత ఎవరో మనవడెవరో పేరుని బట్టి చెప్పలేరు. ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కూడా తండ్రి చిన్నప్పటి ఫోటోని కొడుకు గుంపులో కలిపేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇంత చేశాక కాపాడుకోవడం. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి దూరంగా. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం ఇప్పటికీ నిలబడింది. మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోనిది మూడోది. హార్డ్ డిస్కూ, దాని కాపీ, పాత ఆల్బమ్‌లూ అన్నీ ఒకే బీరువాలో పెడతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఒకే బీరువాలో ఉన్న రెండు కాపీలు ఒకే కాపీతో సమానం. మాది ఒక కాపీ వేరే ఊళ్ళో మా అన్నయ్య ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాను.

"నావన్నీ గూగుల్‌లో ఉన్నాయి" అనేవాళ్ళకి ఒక మాట. ఫోన్‌తో కలిసి నడిచేది బ్యాకప్ కాదు, అద్దం లాంటిది. గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే ఫోన్లోనూ, అక్కడా రెండు చోట్లా పోతుంది. బ్యాకప్ అయినవి 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, ఐక్లౌడ్‌లో అయితే 30 రోజులు. ఆ గడువులో గమనించకపోతే అంతే. ఉచితంగా ఎన్నైనా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడిచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకుంటాయి. 4 ఎంబీ లెక్కన చూస్తే మొత్తం ఫోటోలకే ఇచ్చినా నాలుగు వేలు పట్టవు. డబ్బు కట్టి వాడుకోవడంలో తప్పులేదు, నేనూ కడుతున్నాను. అదొక్కటే కాపీ కాకూడదంతే.

పెద్దవాళ్ళ ఫోన్ల విషయంలో ఆలస్యం చేయకండి. మా పెదనాన్న ఫోన్ ప్యాటర్న్ ఎవరికీ తెలియదు. అందులో ఆయన స్వయంగా తీసిన ఫోటోలేమున్నాయో మేం ఇంతవరకూ చూడలేదు. గూగుల్ 2023 డిసెంబరు నుంచి, రెండేళ్ళు వాడని ఖాతాల్ని, వాటిలోని ఫోటోలతో సహా తొలగించే పద్ధతి అమల్లోకి తెచ్చింది. ఖాతా కొన్నాళ్ళు కదలకపోతే ఎవరికి అందాలో ముందే చెప్పి పెట్టుకునే సెట్టింగు గూగుల్‌లో ఉంది, పేరు ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్. ఐఫోన్లో లెగసీ కాంటాక్ట్ అని ఉంటుంది. రెండూ పది నిమిషాల పని. అమ్మానాన్నలతో ఈ మాట ఎత్తడం కష్టంగానే ఉంటుంది. "మీ ఫోటోలు నాకు కావాలి" అని అడిగాను నేను. అమ్మ వెంటనే ఫోన్ తీసిచ్చింది.

చివరికి, ఆ ఒరిజినల్ దొరికింది. పోలికల్ని వెతికే పని మొదలుపెట్టిన రాత్రి, గ్రూపులో వచ్చిన ఫోటో పక్కన ఇంకోటి కనబడింది. తమ్ముడి పాత కెమెరా కార్డులోది. 4000 పిక్సెల్‌ల పొడవు, లోపల 2013 ఫిబ్రవరి అని తేదీ. మా చిన్నత్తయ్య గృహప్రవేశం రోజు. గ్రూపులో పెట్టినవాళ్ళెవరో పక్కలు కత్తిరించి పెట్టారు. పూర్తి ఫోటోలో పెదనాన్న చెయ్యి ఇంకొకాయన భుజం మీద ఉంది. ఆయనెవరో మా తరంలో ఒక్కరికీ తెలియలేదు.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ పెదనాన్నతో హైస్కూల్లో చదివాడు. వాళ్ళ ఊరి నుంచి ఇద్దరూ ఒక్క సైకిల్ మీదే వెళ్ళొచ్చేవాళ్ళట. సైకిల్ ఆయనది" అంది. ఆయన పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పింది. ఆ మాటలన్నీ ఫోటో కిందే టైప్ చేశాను. ఫోన్‌లో ఆవిడ గొంతు కూడా రికార్డు చేశాను. రాసింది చదివి వినిపించమంది. చదివాను. ఒక్క క్షణం ఆగి, "తొక్కింది మీ పెదనాన్నే. అది కూడా రాయి" అంది.